రాబిన్సన్ ఊరు

"ఇది గూడ వాపస్ వచ్చింది రాబిన్సన్," అంటూ ఎల్లేష్ ల్యాప్‌టాప్‌ను అతని వైపు తిప్పాడు. "అంకెలున్నయి గని ఊరు కనబడ్తలేదంట. రాసినోడు ఆ ఊరు మొకం గూడ చూడలేదని తెలుస్తనే ఉన్నదంటుండ్రు."

చంద్రాపూర్‌లో జట్‌పురా గేటు దగ్గర, మందుల షాపు పైన ఒంటి గదిలో ఎల్లేష్ నడిపే ఆఫీసు అది. విదేశీ వెబ్‌సైట్లకు ఊళ్ల పరిచయాలు రాసివ్వడం వాళ్ల పని. ఇప్పుడు పీకల మీదికి వచ్చింది ఉత్తర ఇంగ్లండులోని ఒక పాత బొగ్గు ఊరు. అక్కడి గనులు, మిల్లులు ఎప్పుడో మూతబడ్డాయి. రాబిన్సన్ నెట్టంతా గాలించి జనాభా నుంచి మ్యూజియం టైమింగుల దాకా పొల్లు పోకుండా రాశాడు. లండన్ క్లయింటుకు అదేదీ ఆనలేదు.

ఈసారీ తిరిగొస్తే వేరే మనిషిని చూసుకుంటానని ఎల్లేష్ మెత్తగానే చెప్పాడు. ఎంత మెత్తగా చెప్పినా పోయేది ఉద్యోగమే కదా. అది పోతే రాబిన్సన్‌కు మిగిలేది సాస్తి ఓపెన్‌కాస్టు గనిలో కాంట్రాక్టు కూలి. తండ్రి జకరయ్య బతుకంతా తిన్న బొగ్గు దుమ్ము ఆ ఇంటికి చాలలేదన్నమాట.

అతను తెలుగు గని కార్మికులుండే లాల్‌పేట్ కాలనీకి చేరేసరికి జకరయ్య ఇంట్లో లేడు. గని మూసేశారు, ఆయన రిటైరయ్యాడు. అయినా షిఫ్టు వేళకు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్లి, తాళం పడిన గేటుకు ఎదురుగా కూర్చుంటాడు. తోటివాళ్లూ వస్తారు. పెద్దగా మాటలేమీ ఉండవు. షిఫ్టు దిగే వేళకు లేచి, డ్యూటీ చేసినంత అలసటతో ఇళ్లు చేరతారు.

తల్లి రాహేలమ్మ అన్నం పెడుతూ, మొహం ఎందుకట్లా వేలాడేశావని అడిగింది. సంగతి చెప్పాడు.

"బొగ్గు ఊరే గదరా. గని బందైతె మొగోళ్లు ఏడ గూసుంటరు? గేటు కాడనే గూసుంటరు. గా దేశమైతె ఏంది, మన దేశమైతె ఏంది," అందామె, చారు పోస్తూ.

రాబిన్సన్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

ఆ పూట అతను నెట్టు ముట్టుకోలేదు. వాకిట్లో కూర్చుని కంటికి కనబడిందల్లా రాశాడు. ఎండ తీసేసి వాన పెట్టాడు. ఈరై నదిని కాలువ చేశాడు. నాటుసారా అమ్మే దేశీ దారు దుకాణాన్ని పబ్బు చేశాడు. చర్చిలో పాటలు పాడే ముసలమ్మలకు కొంగులు తీసి టోపీలు పెట్టాడు. తండ్రికి కోటు తొడిగి గేటు ముందు కూర్చోబెట్టాడు. ఒకే తీరుగా ఉండే ఇళ్ల వరుసలు, తుప్పుపట్టిన గని చక్రం, ఎంత సున్నం కొట్టినా పైకి తేలే గోడల నలుపు, వీటిని మార్చే పనే పడలేదు. కింద రచయిత పేరు ఉండాలన్నారు కాబట్టి రాబిన్సన్ అని పెట్టాడు.

క్లయింటు చదివి కళ్లు తుడుచుకున్నాడట. ఈ మిస్టర్ రాబిన్సన్ తప్పకుండా ఆ ఊళ్లోనే పుట్టి పెరిగినవాడు, లేకపోతే ఇలాంటి రాత రాదు అన్నాడట. ఎల్లేష్ కాదనలేదు. లాభం తెచ్చే పొరపాటును సరిదిద్దే అలవాటు అతనికి లేదు.

"ఇండియాల గూడ గసొంటి ఊరు ఒకటి గావాలంట. నేను మన చంద్రాపూర్ చెప్పిన," అన్నాడు రాబిన్సన్‌తో. "ఇది పాసైతె నువ్వు పర్మనెంట్."

రాబిన్సన్‌కు ఉద్యోగం కన్నా ఊరి మాటే ఎక్కువ సంతోషమిచ్చింది. తన ఊరి గురించి చెప్పమని ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. ఈసారి దాచాల్సింది లేదు, మార్చాల్సింది లేదు. వాన పోయి ఎండ వచ్చింది. ముసలమ్మలకు కొంగులు, తండ్రికి ఇస్త్రీ చొక్కా తిరిగొచ్చాయి. రాసింది తండ్రికి తెలుగులో వినిపించాడు. జకరయ్య తలొంచుకుని విన్నాడు.

"మంచిగ రాసినవ్ బిడ్డా. అంత మనదే ఉన్నది," అన్నాడు.

ఎల్లేష్‌కూ నచ్చింది గానీ, కింద పేరు దగ్గర ఆగిపోయాడు. ఇండియా ఊరి కింద రాబిన్సన్ అని ఉంటే ఎవడు నమ్ముతాడు, ఎవరో తెల్లవాడు రాశాడనుకోరా అన్నాడు. అది తన తండ్రి పెట్టిన పేరని, లాల్‌పేట్‌లో అలాంటి పేర్లు ఇంటికొకటి ఉంటాయని రాబిన్సన్ చెప్పి చూశాడు. ఎల్లేష్ వినలేదు. ఆ పేరు కొట్టేసి సంజయ్ అని పెట్టాడు. రాబిన్సన్‌కు మనసు చివుక్కుమంది. పర్మనెంటు ఉద్యోగం కళ్ల ముందు మెదిలి నోరు మూసుకున్నాడు.

క్లయింటు నుంచి ఫోను వచ్చినప్పుడు ఎల్లేష్ చాలాసేపు యస్సు, సారీ అంటూనే ఉన్నాడు. పెట్టేశాక నుదురు పట్టుకుని కూర్చున్నాడు.

"సంజయ్ దొంగంట. రాబిన్సన్ సార్ రాసిందంత ఎత్తుకొచ్చి, వాన తీసి ఎండ వెట్టిండంట. ఇయ్యాల్నే ఆణ్ని తీసెయ్యాల్నంట."

మరి చంద్రాపూర్ పేజీ ఏమవుతుందని రాబిన్సన్ అడిగాడు.

"అది రాబిన్సన్ సారే రాయాల్నంట," అన్నాడు ఎల్లేష్. "టికెట్ వాళ్లే పంపుతరంట. ఒక్కసారి ఇండియాకు వచ్చి, చంద్రాపూర్ అసలు ఎట్లుంటదో కండ్లార చూసి పొమ్మంటుండ్రు."