దారిలో వచ్చిన మెలిక

"ఎవరండీ ఆయన? యానాంలో చవక మందు కొట్టి, బస్సు దిగి నేరుగా ఇటే వచ్చినట్టున్నాడు!"

వెనక వరసలో ఎవరో అన్నారు. సెమినార్ హాలంతా నవ్వింది.

కాకినాడలో ఒక కాలేజీ. 2004. స్టేజీ మీద కీర్తిప్రియ.

వాళ్ళింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. పీహెచ్‌డీ థీసిస్ ఇచ్చేసింది. అది పాసైతే ఇదే కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం.

విశ్వం పుట్టిన కొత్తలో బయల్దేరిన వెలుగు ఇంకా మన దాకా వస్తూనే ఉందని చెప్పింది. అందులో సన్నటి మెలికలుంటాయని, అవన్నీ ఆ పుట్టుకనాటివేనని చెప్పింది.

చెప్పడం అయ్యాక, అందరూ నవ్విన ఆ పెద్దాయన లేచాడు. కుర్చీ పట్టుకున్నా తూలుతున్నాడు. చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నాడు.

"అ...మ్మా. ఆ మె...లిక..."

మాట ముద్దగా వచ్చింది.

"పొద్దున్నే పట్టించేశారేంటి బాబాయ్!"

మళ్ళీ నవ్వులు.

ఆయన ఆగలేదు. "పుట్టుకతో... వచ్చిందా? దారిలో... వచ్చిందా?"

కీర్తిప్రియకి అర్థమైంది.

దారిలో గెలాక్సీల బరువుకి వెలుగు వంగుతుంది. ఆ వంపు కూడా అచ్చం అలాంటి మెలికలే పెడుతుంది. చిన్నదేలే అని థీసిస్‌లో వదిలేసింది.

చెప్పబోయింది. ముందు వరసలో ప్రిన్సిపాల్ గారు కూడా నవ్వుతున్నారు.

తనూ నవ్వింది.

"భోజనాల దగ్గర మాట్లాడుకుందామండి."

అటెండర్ వీరబ్రహ్మం వచ్చి ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. "రండి గురువుగారూ, ఓ గ్లాసు మజ్జిగ తాగుదురుగాని."

భోజనాల దగ్గర ఆయన లేడు. ఆమె వెతకలేదు.

రెండు నెలలకి థీసిస్ తిరిగొచ్చింది. ఆ ఒక్క ప్రశ్న దగ్గరే ఆపేశారు. ఉద్యోగం ఇంకెవరికో ఇచ్చారు.

కీర్తిప్రియకి ఏడుపు రాలేదు. అన్నం కలుపుకుని, తినకుండా కూర్చుంది.

గైడ్ శ్యామలాంబ గారి నుంచి ఫోన్.

"ఎగ్జామినర్ ఎవరో చెప్పకూడదమ్మా. కానీ నిన్న ఆయన పోయారు. ఇంక దాచేదేముంది?"

"ఏమైందండి?"

"నిరుడు పక్షవాతం వచ్చి మాట ముద్దయిపోయింది. మళ్ళీ వచ్చింది. ఈసారి తట్టుకోలేకపోయారు."

కీర్తిప్రియ చేతిలో మెతుకులు ఎండిపోయాయి.

"ఆ ఒంటితోనే నీ ఉపన్యాసానికి వచ్చారట కదా! వద్దండీ అన్నాను. వింటేనా? ఆ ప్రశ్న కాగితం మీద రాస్తే ఆ పిల్ల ఉద్యోగం పోతుంది, నోటితో అడుగుతాను, తను నోటితో జవాబు చెబితే చాలు పాస్ చేసేస్తానన్నారమ్మా."