పాపాలు లేని పాస్టరు

“కోళ్ళు దొంగిలించినోడికి నా బిడ్డను ఇచ్చేది లేదు!”

కోకిలమ్మ మాటకు పాస్టరు ఏసుపాదం తాగబోతున్న కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. పెళ్ళి మాటలకని తిరుత్తణిలో ఎలక్ట్రిక్ ట్రైను ఎక్కి తిరువళ్ళూరు దాకా ఒంటరిగా వచ్చిన మనిషి. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు. తలుపు వెనకాల కోకిలమ్మ కూతురు ఏంజెలిన్ చున్నీ కొస మాత్రం కనబడుతోంది.

నిజానికి ఏసుపాదం జన్మలో ఎవరి కోడినీ ముట్టి ఎరగడు, విస్తట్లో వడ్డించింది తప్ప.

అతడి చిన్నతనం తలచుకుంటే జాలేస్తుంది. సారా సంగతి అటుంచండి, గోలీసోడా కూడా అమ్మను అడక్కుండా తాగలేదు. బళ్ళో ఒకసారి పక్కవాడి రబ్బరు పొరపాటున ఇంటికి తెచ్చి, అన్నం మానేసి ఏడ్చి, వాళ్ళ తలుపు కొట్టి ఇచ్చి వచ్చాడు. ఇలాంటివాడు పాస్టరైతే సాక్ష్యం ఏం చెబుతాడు? పెంతెకొస్తు సభలో సాక్ష్యమంటే, తాను ఎంత చెడిపోయాడో, దేవుడు ఎలా లాగి గట్టున వేశాడో చెప్పాలి. తక్కిన పాస్టర్లలో ఒకరు జైలుకు వెళ్ళి వచ్చారు, ఇంకొకరు విషం తాగి బతికారు. ఏసుపాదం మైకు పట్టుకుంటే మాత్రం జనం ఫ్యాను గాలికి హాయిగా కునుకు తీసేవారు.

ఒక ఆదివారం ఒళ్ళు మండి, “నేనొక పేరుమోసిన రౌడీని!” అనేశాడు. హాలంతా లేచి కూర్చుంది.

ఇక ఆగలేదు. తిరుత్తణిలో కోళ్ళన్నీ మాయం చేశానన్నాడు. టికెట్ అడిగిన టీటీ కోటు లాక్కుని కదిలే రైల్లోంచి దూకానన్నాడు. పెళ్ళివారి మైకుసెట్టు ఎత్తుకెళ్ళి సారాకొట్లో కుదువ పెట్టానన్నాడు. అవన్నీ వాళ్ళ అవ్వ వక్కాకు దంచుకుంటూ చెప్పిన, వాళ్ళ ఊళ్ళో పాతకాలపు పోకిరీ ఒకడి కథలు. ఆమె ‘వాడు’ అన్నచోటల్లా ఇతడు ‘నేను’ అని పెట్టుకున్నాడు, అంతే.

మింజూరు సంఘం పిలిచింది. కవరైపేట్టై పిలిచింది. తిరువళ్ళూరు సంఘమూ పిలిచింది. అక్కడే, పెంతెకొస్తు పద్ధతిలో కమ్మలూ గాజులూ లేకుండానే అంత అందంగా ఉన్న ఏంజెలిన్ కంటబడింది. తెర మీద పాటల అక్షరాలు నడిపే పిల్ల, అతణ్ణి చూస్తూ ఒక చరణానికి బదులు ఇంకో చరణం వేసింది. అతడు ఆమెను చూస్తూ ఆ తప్పు చరణమే పాడేశాడు. తర్వాత వాట్సాప్‌లో ఇటూ అటూ బైబిలు వాక్యాలు నడిచాయి. పోను పోను వాక్యాలు తగ్గి గుండె బొమ్మలు పెరిగాయి.

ఆ రోజు సభలో ఒక్కటే వెలితి. ముందు వరుసలో కూర్చున్న సంఘపెద్ద ధనకోటి, అంటే ఏంజెలిన్ నాయన, సాక్ష్యం మధ్యలో లేచి కుళాయి దగ్గరికి పోయి ముఖం కడుక్కున్నాడు. అంత మంచి మనిషికి తన రౌడీ మాటలు రోత పుట్టించాయని ఏసుపాదం నొచ్చుకున్నాడు.

ఇప్పుడూ ఆయన ఎదురుగా కూర్చుని మురుకుల పళ్ళెంలోకి చూస్తున్నాడు.

“ఈయన్ని చూడు,” కోకిలమ్మ మొగుణ్ణి చూపించింది. “పెండ్లయినకాణ్ణించి ఒక అబద్ధం లేదు, ఒక దురలవాటు లేదు. ఇట్లాంటోడు కావాల నా బిడ్డకు.”

ధనకోటి గొంతు సవరించుకున్నాడు. “తిరుత్తణిలో యాడ మీ ఇల్లు?”

“స్టేషన్ వెనకాల వీధి, అయ్యా.”

“ఇంట్లో పెద్దోళ్ళు, పాతకాలం వాళ్ళు ఎవురైనా ఉండారా?”

“మా అవ్వ ఉండాది. జ్ఞాపకం కూడా బాగుండాది.”

ధనకోటి చెమట తుడుచుకుని ఫ్యాను పెంచాడు.

“మంచిదాయె! నేనే వచ్చి ఆ ముసలామెను అడుగుతా నీ యవ్వారమంతా,” అంది కోకిలమ్మ.

ఏసుపాదం రెండు దార్లూ చూసుకున్నాడు. దొంగనని ఒప్పుకుంటే పిల్ల దక్కదు. కాదంటే, సభల్లో అబద్ధాలాడిన పాస్టరవుతాడు, మైకు పోతుంది. తలుపు వెనక చున్నీ కదిలింది. ఏంజెలిన్ లేనప్పుడు మైకు మాత్రం ఎందుకనిపించింది. లేచి నిలబడ్డాడు.

“అమ్మా, దేవుని ఎదట చెప్తా ఉండా. ఆ పాపాలన్నీ నావి...”

‘కావు’ అనే మాట ఇంకా నాలుక మీదే ఉంది.

“స్తోత్రం!” ధనకోటి మేడ అదిరేలా అరిచాడు. “విన్నావా కోకిలా? పాపాలన్నీ నావి అని ఎట్ల ఒప్పుకుంటా ఉండాడో! ఇంతకన్నా మారుమనసు యాడ దొరుకుతాది? రాండి బ్రదర్, మేడ మీద ప్రార్థన చేసుకుందాం.”

కోకిలమ్మ మొగుడి మాట ఏనాడూ కాదనలేదు. పైగా ఇప్పుడు మనసు కరిగింది.

“ఒప్పుకునేదానికీ గుండె కావాల,” అని కొంగుతో కళ్ళొత్తుకుంది. తలుపు వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

మేడ మీదికి రాగానే ధనకోటి తలుపు గడియ పెట్టాడు.

“అయ్యా, తొందరపడినారు మీరు,” అన్నాడు ఏసుపాదం. “నావి కావు అని చెప్పబోయినా నేను. అవన్నీ అవ్వ చెప్పిన కతలు. కిందికి పోయి నిజం చెప్పేస్తా. పిల్లనిస్తే ఇయ్యండి, లేదంటే నా రాత.”

గడియ తీయబోయిన అతడి చేతులు రెండూ ధనకోటి గట్టిగా పట్టుకున్నాడు.

“నీకు దండం పెడతా అల్లుడా, ఆ పాపాలు నీ మీదే ఉండనీ... అవి నావని మీ అత్తకు ఇంతవరకూ తెలీదు.”