రెండో గ్లాసు

"చేతులు అలా వణికిస్తే ఎలా? సగం నేలపాలు చేసేలా ఉన్నావు" అంటూ బొనారియా గుమ్మంలోనే కూజా అందుకుంది.

"మీ నాన్న ఎక్కడ?" అన్నాడు ప్రెదు.

"పెరట్లో కట్టెలు కొడుతున్నాడు."

గొడ్డలి చప్పుడు గుమ్మం దాకా వినిపిస్తోంది. ప్రెదు గోడకి ఆనుకుని ఊపిరి తీసుకున్నాడు. కొండ కింద తన ఇంటి నుంచి కూజా మోసుకొచ్చాడు. అందులో ఉన్నది తన తోటలో పండిన కన్నొనావ్ ద్రాక్ష వైన్.

"చూడు బొనారియా, ఈసారి కూడా కాదంటే మళ్లీ వచ్చి అడిగే ఓపిక నాకు లేదు."

"కాదంటే లేచిపోదాం."

"ఎక్కడికి? కొండ దిగేలోపే మీ నాన్న పట్టుకుంటాడు. ఆయన నడక ముందు నా నడకెంత?"

బొనారియా నవ్వాపుకుని లోపలికి దారి ఇచ్చింది.

ఆ ఊళ్లో పిల్లనడగడానికి వచ్చినవాడు తన తోట వైన్ తెచ్చి, భోజనం వేళకి పిల్ల తండ్రి బల్ల మీద పెట్టాలి. ఆస్తి గురించి అడగరు, చదువు గురించి అడగరు. తండ్రి ఒక గ్లాసు తాగి, రెండోది తన చేత్తో పోసుకుంటే పిల్లనిచ్చినట్టు. గ్లాసు బోర్లిస్తే వచ్చినవాడు కూజా తీసుకుని లేవాలి.

మొదటిసారి ప్రెదు తరఫున అతని తండ్రి తమ తోట వైన్ పట్టుకుని వచ్చాడు. బొనారియా తండ్రి బకీజియో గ్లాసు బోర్లించాడు. ప్రెదు ఆ తోటంతా పీకేసి, రాళ్ల చరియ మీద కొత్త తీగలు నాటాడు. వాటి వైన్ పట్టుకుని ఒకసారి తనే వచ్చాడు. బకీజియో మూత వాసన చూసి, "తీగ ముదరనీ" అని పంపేశాడు. ఆ తర్వాత రావడం ఇదే.

బల్ల దగ్గర బకీజియో అక్క గ్రాత్సియా కత్తితో గొర్రె జున్ను కోస్తోంది. బకీజియో గొడ్డలి తలుపు పక్కన పెట్టి, చేతులు కడుక్కుని వచ్చాడు. ఆమె ఎదురుగా కూర్చున్న ప్రెదు లేవబోయి, బల్ల అంచు పట్టుకుని, రెండో ప్రయత్నంలో లేచాడు.

"నమస్కారం మావయ్య గారూ."

"ఎవరికయ్యా మావయ్య? గ్లాసు ఇంకా ఖాళీగానే ఉంది. కూర్చో."

బొనారియా పందిపిల్ల వేపుడు తెచ్చి బల్ల మీద దించింది. ఘాటైన వాసన వేసే మిర్టిల్ ఆకుల మీద పరిచిన మాంసం, పక్కన కాగితంలా పల్చటి రొట్టె. దించేసి వంటింట్లోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసింది. పూర్తిగా వెయ్యలేదు.

ప్రెదు వైన్ పోశాడు. బకీజియో గ్లాసు ఎత్తి కిటికీ వైపు పట్టాడు. చిక్కటి వైన్‌లోంచి అవతలి వెలుతురు ఇవతలికి రాలేదు. ఒక గుక్క తాగి, మాంసం కొరికాడు.

ప్రెదు రొట్టెని వైన్‌లో నానబెట్టుకుని తిన్నాడు.

"రొట్టె నమలడం కూడా చేతకాదా?" అన్నాడు బకీజియో. "నీ వయసులో మేం ఎముకలు కొరికేవాళ్లం."

"ఇలా తింటే వైన్ రుచి బాగా తెలుస్తుందండీ."

అది అబద్ధం కాదు. కొవ్వు ముక్క తిన్నాక తాగితే వైన్‌లోని వగరు ఆ జిడ్డుని కడిగేస్తోంది. అది పోయాక నోరు ఇంకో ముక్క అడుగుతోంది. ముక్క తిన్నాక ఇంకో గుక్క. ప్రెదు తను ఎందుకొచ్చాడో కాసేపు మర్చిపోయాడు.

"మీ నాన్న తెచ్చింది నీళ్లు" అన్నాడు బకీజియో.

"ఆ ఏడు వానలెక్కువండీ."

"వాన మీదికి నెట్టకు. పండకుండానే కోశాడు. మీ ఇంట్లో అందరికీ తొందరే."

"తొందరపడేవాడైతే ఇన్నాళ్లు ఆగుతాడట్రా?" అంది గ్రాత్సియా. "ఊరికే బెదిరించక పిల్లనిచ్చెయ్. వీళ్లది ఇంక ఆగే వయసు కాదు."

"నువ్వూరుకో అక్కా. అది ఇల్లు వదిలి ఒక్క రాత్రి ఉండలేదు. లోకం ఏం తెలుసు దానికి?"

"నువ్వు తెలియనిస్తేగా."

బకీజియో గ్లాసులో మిగిలింది తాగేశాడు. గ్లాసు ఎత్తి తలకిందులు చేశాడు. ప్రెదు కళ్లు మూసుకున్నాడు. వంటింట్లో గిన్నె మూత ఒకటి కింద పడింది.

గ్లాసు బల్లకి తగిలిన చప్పుడు మాత్రం రాలేదు. ప్రెదు కళ్లు తెరిచి చూస్తే, బకీజియో ఆఖరి చుక్కని రొట్టె ముక్క మీద రాల్చుకుంటున్నాడు. ఆ ముక్క నోట్లో వేసుకుని, కూజా తన వైపు లాక్కుని, గ్లాసు అంచు దాకా పోసుకున్నాడు.

"నాకూ పొయ్" అని గ్రాత్సియా తన గ్లాసు చాపింది. "వాడిక నిన్ను మావయ్య అని పిలవొచ్చునా, ఇంకా ఏమైనా పరీక్ష ఉందా?"

"పరీక్ష లేదు, షరతుంది" అన్నాడు బకీజియో. "ఏమోయ్ అల్లుడూ, పెళ్లయ్యేదాకా పిల్ల చీకటి పడేలోపు ఇంట్లో ఉండాలి. మోటారు సైకిల్ మీద ఊరంతా తిప్పావంటే కాళ్లు విరగ్గొడతాను."

"నాకు మోటారు సైకిల్ లేదు మావయ్య గారూ."

"గాడిద మీద కూడా వద్దు."

"అలాగేనండీ."

"ఇంతకీ పెళ్లెప్పుడు?" అని అడిగింది గ్రాత్సియా.

బొనారియా మసిగుడ్డతో కళ్లు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చి ప్రెదు పక్కన నిలబడింది. బకీజియో ఆమె వంక చూసి, రెండో గ్లాసులోంచి ఒక గుక్క తాగాడు.

"వచ్చే నెల దీని పుట్టినరోజు నాడే కానిచ్చేద్దాం. ఒక్క పందితో రెండూ అయిపోతాయి."

ఆ రోజుతో బొనారియాకి డెబ్బై మూడు నిండుతాయి.