వంత లేని కథ

నాంచారి, కోటేశ్వరి అక్కాచెల్లెళ్ళు. బుర్రకథలు ఇంట్లోనే కంప్యూటర్లో రికార్డు చేస్తారు. అక్క నాంచారి ముందుగదిలో తంబురా పట్టుకుని కథ చెబుతుంది. తన గుమ్మెట డోలు మోత అక్క గొంతులో కలవకూడదని కోటేశ్వరి వంటింట్లో కూర్చుని, అది వాయిస్తూ వంత పాడుతుంది. ఇదివరకు అక్క గొంతు హెడ్‌ఫోన్లలో పిసరంత ఆలస్యంగా వచ్చి తాళం తప్పేది. ఇప్పుడా బాధ లేదు. అక్క ఏం పాడబోతుందో కంప్యూటరే ముందుగా పసిగట్టి, ఆమె గొంతుతోనే వినిపిస్తుంది.

ఆ పూట కోటేశ్వరికి పొలమారింది. "తందాన తాన" అనలేకపోయింది. ఇక చీవాట్లు తప్పవనుకుంది. వంత పడనిదే అక్క మరో మాట చెప్పదు. తంబురా ఆపేసి, "నోట్లో ఏం పెట్టుకున్నావే?" అని కసురుతుంది.

కథ ఆగలేదు.

కోటేశ్వరి ఈసారి కావాలనే ఊరుకుంది. అయినా కథ సాగిపోతూనే ఉంది. హెడ్‌ఫోన్లు మెడమీదికి దించింది. ముందుగదిలో చడీచప్పుడూ లేదు.

పరుగెత్తింది. అక్క తంబురా మీదికి ఒరిగిపోయి ఉంది. ఊపిరి ఆడుతోంది గాని కళ్ళు తెరవడం లేదు.

"అక్కా! పలకవే అక్కా!"

అక్క పెదవులు కదలలేదు. కోటేశ్వరి మెడలోని హెడ్‌ఫోన్లు పలికాయి.

"ఇక్కడే ఉన్నా కదే. వంత పాడు."