మోత మోగే గ్రైండరు

“చప్పుడు ఎక్కువొచ్చేది ఏదమ్మా?”

సేల్స్ అమ్మాయి తాను సరిగ్గా వినలేదనుకుంది. కాఫీ గ్రైండర్ల అర దగ్గరికొచ్చే వాళ్ళంతా చప్పుడు తక్కువదే అడుగుతారు.

“చప్పుడు రానిదా అండీ?”

“కాదమ్మా. బాగా మోత మోగాలి.”

ఆమె నవ్వాపుకుంటూ ఒక్కొక్కటే తీసి చూపించింది.

చేత్తో తిప్పుకునేదాన్ని పెద్దాయన ముట్టుకోనైనా లేదు. ఖరీదైనది సన్నగా గురక పెట్టినట్టు తిరిగింది. ఆయన పెదవి విరిచాడు.

కింది అరలో, దాని గోలకి జడిసి ఎవరూ కొనక, ఒకటి దుమ్ము కొట్టుకుని ఉంది. మీట నొక్కగానే బిల్లు కౌంటర్లో కూర్చునే అక్క రెండు చెవులూ మూసుకుంది.

పెద్దాయన మొహం వెలిగిపోయింది. “ఇదే ఇవ్వు.”

“ఇంట్లోవాళ్ళు తిట్టరా అండీ?”

“తిట్టడానికైనా ఎవరో ఒకరుండాలి కదమ్మా.”

“కాఫీ మేకర్ కూడా చూడండి. జతగా బాగుంటుంది.”

“కాఫీ మానేశాను. డాక్టరు వద్దన్నాడు.”

“మరి గ్రైండరెందుకండీ?”

ఆయన కాస్త సిగ్గుపడ్డాడు. “పక్కింట్లోకి వినపడాలని.”

ఆమె, అక్క ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈ వయసులో పక్కింటివాళ్ళ మీద ఇంత కక్షా!

పెట్టె చంకన పెట్టుకుని వెళ్తూ ఆయన ఆగాడు. “నీ గొంతు ఎక్కడో విన్నట్టుందమ్మా.”

“రోజంతా ఇక్కడ వాగుతూనే ఉంటాను కదండీ,” అంది. అక్క పకపకా నవ్వింది.

ఆమె కూడా నవ్వింది. వారం రోజులుగా ఆమెకి నవ్వే తీరిక లేదు. 

అంతకుముందు టైముకే లేచేది. ఈ వారం ఏమైందో, రోజూ ఆలస్యమే. తలవైపు పెట్టుకున్న అలారం మోగగానే నిద్రలోనే చెయ్యి వెళ్ళి దాని పీక నొక్కేస్తోంది. “ఇంకొక్కసారి లేటయితే ఇక రానక్కర్లేదు,” అని మేనేజరు తెగేసి చెప్పాడు. 

అమ్మ ఉన్నప్పుడు దుప్పటి లాగి మరీ లేపేది. అమ్మ పోయాక ఈ ఒంటిగదిలో పలకరించేవాళ్ళే లేక, తనతో తనే పైకి మాట్లాడుకోవడం అలవాటైంది. నిన్న కూడా జడ విప్పుకుంటూ, “ఉద్యోగం పోతే ఎలాగే పిచ్చిదానా? లేపే దిక్కు కూడా లేదు నీకు,” అని తనను తాను తిట్టుకుని ఏడ్చింది.

మర్నాడు పొద్దున్నే గోడ అవతల నుంచి పెద్ద మోత.

ఉలిక్కిపడి లేచి కూర్చుంది. ఆ మోత ఆమెకు తెలుసు. స్వయంగా తన చేత్తో అమ్మిందే!

పక్క వాటా గుమ్మం వెనక సందులోకి ఉంటుంది. అందులో ఎవరుంటున్నారో ఆమె ఏనాడూ చూడలేదు. అయితే ఆ పెద్దాయన కక్ష తన మీదేనన్నమాట.

ఒళ్ళు మండిపోయింది. గ్లాసు తీసి గోడ మీద టకటకా కొట్టింది.

మోత ఠక్కున ఆగింది.

రోజూ అదే వరస. రోజూ మోత, రోజూ గోడ మీద గ్లాసు, వెంటనే నిశ్శబ్దం. ఇక నిద్ర పట్టక విసుక్కుంటూ తయారై షాపుకి వెళ్ళేది. ఆ రోజుల్లో మేనేజరు మాత్రం ఆమెను ఒక్క మాటా అనలేదు.

చివరికి పై వాటాలో ఉండే ఓనరమ్మ దగ్గరికి వెళ్ళింది.

“కావాలనే చేస్తున్నాడాంటీ. పక్కింట్లోకి వినపడాలనే కొంటున్నానని నా ముందే అన్నాడు.”

“అంత మాటన్నాడా!”

“ఆయనైనా ఉండాలి, నేనైనా ఉండాలి.”

“ఆడపిల్లవి, నువ్వెక్కడికి పోతావు? నేను చూసుకుంటాలే.”

కొన్నాళ్ళకి ఒక ఉదయం మోత వినిపించలేదు.

ఆమె కమ్మగా నిద్రపోయింది. కళ్ళు తెరిచేసరికి ఎండ మంచం మీదికి వచ్చేసింది. షాపుకి ఫోన్ చేస్తే, మేనేజరు అరవను కూడా లేదు. “ఇక రావద్దమ్మా,” అని పెట్టేశాడు.

ఎక్కడికి వెళ్ళాలో, ఎవరికి చెప్పుకోవాలో తెలియక మంచం మీదే కూర్చుండిపోయింది. గదిలో తన ఊపిరి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

తలుపు చప్పుడైంది. ఓనరమ్మ. చేతిలో ఆ గ్రైండరు పెట్టె.

“పక్కాయన తెల్లవారుతూనే ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. ఇది నీకిమ్మన్నాడు.”

“నాకెందుకు?”

“అలారం చేతికందకుండా పెట్టుకోమన్నాడు కూడా.”

ఆమె పెట్టె విప్పింది. బ్లేడు కొత్తదానిలా మెరుస్తోంది. లోపల ఒక్క గింజ లేదు. కాఫీ వాసనైనా లేదు.

ఓనరమ్మ గుమ్మంలోనే నిలబడి కొంగు నలుపుకుంటోంది.

“బండెక్కుతుంటే అడిగాను, ఆ పిల్ల మీద ఏం కక్షయ్యా నీకు అని. ఆయన కాఫీ తాగే రోజుల్లో పాత గ్రైండరు చప్పుడుకే నువ్వు లేచేదానివట. మానేసి, దాన్ని ఎవరికో ఇచ్చేశాక నీకు రోజూ ఆలస్యమేనట.”

“ఆయనకెలా తెలుసు?”

“గోడ పల్చన కదమ్మా. లేపే దిక్కు లేదని నువ్వు ఏడవడం విన్నాడట. అందుకే నీ అలారం మోగి, ఆగిపోయి, నువ్వు లేచిన అలికిడి లేకపోతేనే దీన్ని వట్టిదే తిప్పి, నువ్వు గోడ మీద కొట్టేదాకా ఆపేవాడు కాదట.”