ఖర్జూరాల కొట్టు తలుపు

నేలకు ఆనించిన నుదురు ఎత్తేసరికి, తలుపు అవతల ఇనుము రాతికి తగిలిన చప్పుడు వినిపించింది. 

ఉమైమా తలుపు చెక్కల సందులోంచి చూసింది. ఆమె భర్త మున్కిజ్. ఆ ఒయాసిస్సుకు ఏలిక. ఖర్జూరాల కొట్టు గుమ్మంలో ఆమెకు వీపు పెట్టి కూర్చున్నాడు. మోకాళ్ల మీద ఒర తీసిన కత్తి.

కొట్టుకు మరో దారి లేదు.

కొత్త మతం గురించి చెప్పవచ్చిన మదీనా దూతతో రోజుల తరబడి తలుపులు మూసుకుని మాట్లాడాడు మున్కిజ్. అతన్ని సాగనంపాక, నిన్ననే, పెద్దలందరి ముందూ చాటాడు.

"కొత్త మతం పుచ్చుకున్నది ఎవరైనా సరే, తల ఉండదు."

అలా చాటమని పట్టుబట్టినవాడు అతని పినతండ్రి జుర్ఆ. ఊరి విగ్రహానికి పూజారి.

కానీ ఉమైమా అప్పటికే ఆ మతం పుచ్చుకుంది. అత్తరు అమ్మవచ్చిన ఒక మదీనా ముసలమ్మ దగ్గర నమాజు నేర్చుకుంది. ఎవరికీ చెప్పలేదు.

ముగ్గిన ఖర్జూరాల వాసనకు దగ్గు తన్నుకొస్తోంది. ముసుగు చెంగు నోట్లో కుక్కుకుంది.

బయట జుర్ఆ గొంతు.

"ఏరా, ఈ ఎండలో ఇక్కడేం చేస్తున్నావ్? నీ పెళ్లాం ఏది? విగ్రహానికి పాలు తెమ్మంటే పత్తా లేదు. దాని వాలకం నాకేం నచ్చట్లేదు."

"నాకంతా తెలుసు బాబాయ్."

ఉమైమా తలుపుకు చెవి ఆనించింది. తెలుసా!

"దాని సంగతి నేను చూసుకుంటా. నువ్వెళ్లి విగ్రహం సంగతి చూసుకో."

"సరేలే. తలుపు తియ్యి, నాలుగు కాయలు తిని పోతా."

"ఈ తలుపు మీద చెయ్యి వేశావో, ఆ చెయ్యి తెగి కింద పడుద్ది."

"కాయల కోసం కత్తులేంట్రా, పిసినారి వెధవా!" సణుక్కుంటూ వెళ్లిపోయాడు జుర్ఆ.

తర్వాత ఒంటెల కాపరి బుట్ట కోసం వచ్చాడు. వాణ్నీ కసిరి తరిమేశాడు మున్కిజ్. సాక్షులు లేకుండా పని ముగించాలని కాబోలు. నీడలు సాగాయి. అతను మాత్రం కదల్లేదు.

ఉమైమా కళ్లు తుడుచుకుంది. మూలన ఎలుకలా నక్కి చావడం ఆమెకు నచ్చలేదు. గడియ తీసింది.

"చంపుతారో ఏం చేస్తారో మీ ఇష్టం. నేను మాత్రం వెనక్కి తిరగను."

మున్కిజ్ కత్తితో లేచాడు. ఆమె కళ్లు మూసుకుని మెడ వంచింది.

కత్తి పిడి ఆమె అరచేతిలో పెట్టి, "అయిపోయిందా? అయితే కాసేపు నువ్వు కాపలా కూర్చో, నా నమాజు వేళ దాటిపోతోంది" అన్నాడు మున్కిజ్.