గాజుపెట్టెలో పాల గిన్నె

నా పామును కొత్త గాజుపెట్టెలోకి మార్చి నాలుగు రోజులైంది. అడుగున కొత్త చెక్కపొట్టు పరిచి, తన వాసన తనకు తెలియాలని పాతది రెండు గుప్పిళ్ళు కలిపాను. వారం దాకా దాన్ని ఎవరూ కదిలించకూడదు. బెదిరితే తిండి మానేస్తుంది.

మా అత్త బ్రోనె ఈరోజు కూడా మూత తీసి పాల గిన్నె పెట్టింది. చెక్కపొట్టంతా తడిసి ముద్దయింది.

"ఇంటిపాముకు పాలు పోయడం మీ పల్లెలో చెల్లుతుందేమో అత్తయ్యా. ఇది కౌనస్ నగరం. యూనివర్సిటీలో జీవశాస్త్రం చెప్పేదాన్ని, నాకు మీరు నేర్పుతారా?"

"నీ చదువుకేం, గంపెడు," అంది ఆవిడ, బీట్‌రూట్ పులుసు కలుపుతూ. "అది తాగకపోతే పిల్లి తాగుతుంది."

"మనకు పిల్లి లేదు."

"లేదులే."

ఈవిడ బుర్రలో ఉన్నదీ చెక్కపొట్టే అనుకున్నాను. మరీ ఎక్కువ మాట్లాడుతున్నానా అని అనుమానం వచ్చింది గాని, ఆగలేదు. "రేపటి నుంచి పెట్టెకు తాళం వేస్తాను."

ఆవిడ గరిటె ఆపింది.

"వద్దమ్మాయ్. పాము పాలు తాగదని నాకూ తెలుసు. మా అమ్మ పోసినవీ ఏ పామూ ముట్టలేదు. నేనీ ఇంటికొచ్చి మూడు వారాలైంది. పాలు పెట్టాకే నువ్వు నాతో మాట్లాడ్డం మొదలెట్టావు."